ఇంజను దగ్గర ఆగనివ్వండి

పిల్లల్ని రైలు మ్యూజియానికి తీసుకెళ్లాలనుకునే అమ్మానాన్నలకు నేను మొదట చెప్పే మాట ఒక్కటే: ఆ రోజు మీరు తొందరపడకండి. టికెట్లు, తిండి, దారిఖర్చు ఎలాగో సర్దుకుంటాయి. సర్దుకోనిది మన తొందరే. అన్నీ చూపించెయ్యాలి, అన్నిటి దగ్గరా ఫొటో తియ్యాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి అనుకుంటూ పిల్లవాడి చెయ్యి పట్టుకుని లాక్కుపోతాం. వాడేమో ఒక ఇంజను చక్రం దగ్గర నిలబడి అక్కణ్ణుంచి కదలడు. ఆ నిలబడటం కోసమే మనం అంత దూరం వెళ్లామని ఆ క్షణంలో మనకు గుర్తుండదు.

బెంగళూరు శివార్లలోని అత్తిబెలెలో, చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరు తరతరాలుగా ఆనేకల్, హోసూరు ప్రాంతాల్లో ఉంటున్నవాళ్లు. కొందరు చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి ఫ్యాక్టరీ పనులకని వచ్చి ఇక్కడే నిలదొక్కుకున్నవాళ్లు. వారమంతా షిఫ్టులు, హోసూరు రోడ్డు ట్రాఫిక్కు. దొరికేది ఒక్క ఆదివారం. ఆ ఒక్క రోజూ మాల్‌లో గడిచిపోతే అలసట తీరదు, పిల్లలకు చెప్పుకోవడానికీ ఏమీ మిగలదు. ఇంట్లో రైళ్ల పిచ్చి ఉన్న పిల్లో పిల్లవాడో ఉంటే ఒక రోజు మైసూరు రైలు మ్యూజియానికి కేటాయించండి. 1977లో ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియం తెరుచుకుంది. ఆ తర్వాత రెండేళ్లకే, 1979లో, మైసూరులో ఇది మొదలైంది. కె.ఆర్.ఎస్. రోడ్డులో, సి.ఎఫ్.టి.ఆర్.ఐ. ఎదురుగా, మైసూరు స్టేషనుకు దగ్గర్లోనే ఉంది. చాలావరకు ఆరుబయటే కాబట్టి పిల్లలు గొంతెత్తినా గద్దించేవాళ్లుండరు. ఢిల్లీ మ్యూజియంతో పోలిస్తే చిన్నది. చిన్నపిల్లలున్న కుటుంబానికి అదే మేలు.

కారులో వెళ్లకండి. ఈ సలహా మాత్రం కాస్త గట్టిగానే చెబుతున్నాను. పది వరుసల మైసూరు రహదారి వచ్చాక కారు ప్రయాణం సులువైపోయింది, నిజమే. కానీ రైళ్లు చూడబోయే పిల్లవాణ్ణి రైలెక్కించకుండా తీసుకెళ్తే సగం మ్యూజియం ఇంటి దగ్గరే వదిలేసినట్టు. ఇప్పుడు మనకు దారి కూడా తేలికైంది. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర నుంచి ఆర్.వి. రోడ్డు దాకా మెట్రో పసుపు లైను మొదలైంది. అత్తిబెలె నుంచి బొమ్మసంద్ర దాకా బస్సులోనో ఆటోలోనో వెళ్లి మెట్రో ఎక్కండి. ఆర్.వి. రోడ్డులో ఆకుపచ్చ లైనుకు మారి మెజెస్టిక్‌లో దిగండి. బయటికొస్తే ఎదురుగానే బెంగళూరు సిటీ స్టేషను. అక్కణ్ణుంచి మైసూరుకు రైళ్లకు కొదవ లేదు. రెండు మూడు గంటల ప్రయాణం.

ఈ దారిలో వెళ్తే ఒక మంచి సంగతి పిల్లలకు అనుభవంలోకి వస్తుంది. పట్టాలన్నీ ఒకే వెడల్పు ఉండవు. మెట్రో పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో వాడే కొలత అది. సిటీ స్టేషనులో ఎక్కే మైసూరు రైలు నడిచేది బ్రాడ్ గేజ్ మీద, 1,676 మిల్లీమీటర్లు. మ్యూజియంలో కనిపించేవాటిలో చాలావరకు మీటర్ గేజ్, నారో గేజ్ కాలానివి. మీటర్ గేజ్ అంటే 1,000 మిల్లీమీటర్లు, నారో గేజ్ ఎక్కువగా 762. ఒకే రోజులో ఇన్ని కొలతలు చూసే అవకాశం మన బెంగళూరు పిల్లలకు ఉంది. సంచిలో ఒక కొలత టేపు పెట్టుకోండి. మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టిన పట్టాల దగ్గర, అక్కడి సిబ్బందిని అడిగి, ఒక పట్టా లోపలి అంచు నుంచి రెండో పట్టా లోపలి అంచు దాకా పిల్లవాడి చేతనే కొలిపించండి. వాడి టేపు మీద సరిగ్గా ఒక మీటరు కనిపించినప్పుడు ఆ ముఖం చూడాలి. పుస్తకంలో చదివిన అంకె వాడి చేతికి దొరికినట్టవుతుంది. స్టేషనులో మాత్రం ఈ పని వద్దు, ప్లాట్‌ఫారం అంచు దాకా కూడా వద్దు.

రైల్లో కిటికీ సీటు పిల్లలకివ్వండి, ఫోను మాత్రం ఇవ్వకండి. రామనగర దగ్గర పెద్ద పెద్ద బండరాళ్ల కొండలు వస్తాయి. తర్వాత చన్నపట్న, కొయ్యబొమ్మల ఊరు. మద్దూరు వచ్చేసరికి మద్దూరు వడ అమ్మేవాళ్లు ఎక్కుతారు. కొని తినండి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తర్వాతైనా తినవచ్చు. మండ్య చుట్టూ చెరకు తోటలు. శ్రీరంగపట్నంలో కావేరి దాటుతుంది రైలు. ఇక్కడ పిల్లలకు చెప్పదగిన ముచ్చట ఒకటుంది. రెండో పట్టా వెయ్యడానికి టిప్పు సుల్తాను కాలంనాటి ఆయుధాగారం ఒకటి అడ్డొచ్చింది. దాన్ని కూలగొట్టలేదు. 2017లో మొత్తం కట్టడాన్ని ఎత్తి, కింద జాకీలూ చక్రాలూ పెట్టి, వంద మీటర్లకు పైగా పక్కకు జరిపారు. పాతదాన్ని ఉంచుకుంటూనే కొత్తదారి వేసుకోవచ్చని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ లైను ఎలా పుట్టిందో కూడా చెప్పండి, కానీ పిల్లల వయసు చూసుకుని చెప్పండి. బెంగళూరుకు మొదటి రైలు 1864లో మద్రాసు వైపు నుంచి, జోలార్‌పేట మీదుగా కంటోన్మెంటుకు వచ్చింది. మైసూరు లైను తర్వాతిది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీడించిన కరువులో మైసూరు సంస్థానంలో లక్షలమంది చనిపోయారు. మన రాయలసీమ పల్లెల్లో ధాత కరువని పెద్దలు చెప్పుకున్నది దీన్నే. ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించే కరువు పనుల్లో భాగంగా బెంగళూరు–మైసూరు దారికి మట్టిపని మొదలైంది. 1882 నాటికి మీటర్ గేజ్ రైలు మైసూరు చేరింది. అయిదారేళ్ల పిల్లలకు ఇంత చెప్పనక్కర్లేదు, “చాలామంది మట్టి మోసి ఈ దారి వేశారు” అంటే చాలు. పదేళ్లు దాటిన పిల్లలకు మాత్రం దాచకుండా చెప్పండి. కిటికీలోంచి కనిపించే కట్ట మీద ఎవరి చెమట ఉందో తెలిసిన పిల్లలు రైల్లో చెత్త పడెయ్యడానికి వెనకాడతారు. నీతిగా చెబితే ఎక్కని సంగతి కథగా చెబితే ఎక్కుతుంది.

మ్యూజియంలో అడుగుపెట్టగానే పిల్లల కళ్లు బుల్లి రైలు మీద పడతాయి. “చివర్లో ఎక్కుదాంలే” అంటాం మనం. అలా వద్దు. అది నడుస్తుంటే ముందే ఒకసారి ఎక్కించెయ్యండి. ఆ రైలు ఎప్పుడెక్కుతామా అన్న ధ్యాస మనసులో ఉన్నంతసేపు వాడికి ఏ ఇంజనూ కనిపించదు. అది తీరాక వాడు మీవాడు.

ఆ తర్వాత ఒక పద్ధతి పాటించి చూడండి. ఆవరణంతా ఒకసారి మెల్లగా చుట్టండి, ఎక్కడా ఆగి వివరించకండి. చుట్టడం అయ్యాక పిల్లల్ని అడగండి: “వీటిలో నీది ఏది?” ప్రతి పిల్లా పిల్లవాడూ ఒకటి ఎంచుకుంటారు. ఇద్దరు పిల్లలుంటే చెరొకటి. అమ్మ ఒకవైపు, నాన్న ఒకవైపు విడిపోండి. ఇక ఆ ఎంచుకున్నదాని దగ్గర ఎంతసేపైనా ఉండనివ్వండి. మిగతావాటిని చూడకపోయినా నష్టం లేదు. ఇరవై ఇంజన్లు చూసిన పిల్లవాడికి సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. ఒక్కదాన్ని అరగంట చూసినవాడు దాని బోల్టులు కూడా చెబుతాడు.

ఆ అరగంటలో చూడటానికి ఏముంటుందని కొందరు తల్లిదండ్రులకు సందేహం. తెలిసి చూస్తే ఆవిరి ఇంజను తనలో ఏమీ దాచుకోదు. ఇవాళ్టి కరెంటు ఇంజన్లో పనంతా పెట్టెల లోపల జరిగిపోతుంది. ఆవిరి ఇంజన్లో దాదాపు అంతా బయటికే కనిపిస్తుంది. వెనక నుంచి మొదలుపెట్టండి. డ్రైవరూ ఫైర్‌మనూ నిలబడే చోట ముందు భాగంలో ఒక ఇనుప తలుపుంటుంది. దాని వెనక పొయ్యి, అంటే ఫైర్‌బాక్సు. ఫైర్‌మన్ పారతో బొగ్గు వేసేది అందులోకే. మంట నుంచి వచ్చే వేడిగాలులు బాయిలరు లోపల అమర్చిన సన్నటి గొట్టాల గుండా ముందుకు పోతాయి. గొట్టాల చుట్టూ నీళ్లు. నీళ్లు మరిగి ఆవిరవుతాయి. నీళ్లు ఆవిరైతే మామూలు పీడనంలో దాదాపు 1,700 రెట్ల చోటు కావాలి. అంత చోటు ఇవ్వకుండా బాయిలరులో బంధిస్తే వచ్చే తోపుడే ఇంజను బలం.

బాయిలరు నెత్తిన గుండ్రటి బుడిపె ఒకటి కనిపిస్తుంది. దాన్ని డోము అంటారు, ఆవిరి అక్కడ చేరుతుంది. డ్రైవరు రెగ్యులేటరు తిప్పితే ఆవిరి ముందువైపు, చక్రాల పక్కనున్న సిలిండర్లలోకి దిగుతుంది. లోపలి పిస్టనును ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తోస్తుంది. ఆ కదలికను పొడవాటి ఇనుపకడ్డీ చక్రానికి అందిస్తుంది. ఇక్కడ పిల్లల్ని వేలితో గాలిలో గీసి చూపమనండి: సిలిండరు నుంచి కడ్డీ, కడ్డీ నుంచి చక్రం, ఆ చక్రం నుంచి పక్క చక్రం. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇది చక్కగా అర్థమవుతుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోంచి పైకి దూసుకుపోతుంది. పోతూ పోతూ పొయ్యిలో గాలిని లాగి మంటను మరింత రేపుతుంది. బండి ఎంత కష్టపడి లాగితే నిప్పు అంత ఎక్కువగా రగులుతుందన్నమాట. ఈ ఏర్పాటు ఎవరికి తట్టిందో కానీ, నాకిప్పటికీ ఆశ్చర్యమే. మనం ఛుక్ ఛుక్ అని నోటితో చేసే చప్పుడు ఆ ఆవిరి బయటపడే చప్పుడే. రెండు సిలిండర్ల ఇంజన్లో పెద్ద చక్రం ఒక్కసారి తిరిగేలోగా ఆ చప్పుడు నాలుగుసార్లు వస్తుంది. పిల్లలు పరిగెత్తుతూ ఛుక్ ఛుక్ అంటుంటే లెక్క సరిచూసుకోమని చెప్పండి. వాళ్లకు అంతకన్నా గొప్ప ఆట ఉండదు.

చక్రాలు లెక్కపెట్టించండి. ఆవిరి ఇంజన్లకు చక్రాల లెక్కే గుర్తింపు. ముందు చిన్న చక్రాలు నాలుగు, మధ్యలో పెద్దవి ఆరు, వెనక రెండు ఉంటే దాన్ని 4-6-2 అంటారు. స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో మీటర్ గేజ్ ప్యాసింజరు బండ్లను లాగిన వై.పి. ఇంజన్లు ఈ రకం. సరుకు బండ్లను లాగిన వై.జి. ఇంజన్లు 2-8-2. ఎందుకలా అని పిల్లల్నే ఆలోచించనివ్వండి. బరువు లాగాలంటే పట్టాను పట్టుకునే చక్రాలు ఎక్కువ కావాలి, వేగంగా పోవాలంటే చక్రాలు పెద్దవిగా ఉండాలి. జవాబు మీరు వెంటనే చెప్పెయ్యకండి. రెండు ఇంజన్ల మధ్య అటూ ఇటూ పరిగెత్తి వాళ్లే పట్టుకుంటారు. చక్రం లోపలి అంచున పైకి లేచి ఉన్న గట్టును కూడా చూపించండి. రైలుకు స్టీరింగు లేకుండా మలుపు ఎలా తిరుగుతుందని అడిగే పిల్లలు ఉంటారు. జవాబులో సగం ఆ గట్టులో ఉంది. మిగతా సగం చక్రం కొద్దిగా వాలుగా చెక్కి ఉండటంలో ఉంది.

ఇవేవీ మీకు ముందే తెలియనక్కర్లేదు. “నాకూ తెలియదు, చూద్దాం పద” అని చెప్పగలిగిన నాన్నను పిల్లలు ఎక్కువ నమ్ముతారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెబితే మాత్రం ఎప్పుడో ఒకసారి దొరికిపోతాం. అంతకన్నా ముఖ్యం, పిల్లలు మనల్ని అడగడం మానేస్తారు.

మైసూరు మహారాణి ప్రయాణించిన సెలూను పెట్టె ఇక్కడి ముఖ్య ఆకర్షణ. 1899 నాటిది. లోపల వంటకు, భోజనానికి, స్నానానికి అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. ఆ కాలంలో మైసూరును పాలిస్తున్నది మహారాణి వాణీవిలాస సన్నిధాన. భర్త చామరాజేంద్ర ఒడెయరు 1894 చివర్లో కలకత్తాలో హఠాత్తుగా చనిపోతే, కొడుకు నాల్గవ కృష్ణరాజ ఒడెయరు ఇంకా చిన్నపిల్లవాడు. 1895 నుంచి 1902 దాకా ఆమే రీజెంటుగా రాజ్యభారం మోశారు. ఆడపిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. అక్కడ పిల్లలు ముందుగా అడిగేది మాత్రం రాణిగారి బాత్రూము గురించే. అడగనివ్వండి, “ఛీ” అనకండి. నీళ్లు ఎక్కడ నింపేవాళ్లు, ఎక్కడికి పోయేవి అన్నది మంచి ప్రశ్నే. అదే కాలంలో మూడో తరగతి పెట్టెల్లో జనం ఎలా వెళ్లేవాళ్లో కూడా పెద్దపిల్లలకు చెప్పాలి. మూడో తరగతి ప్రయాణికుల అవస్థల మీద గాంధీగారు 1917లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. ఒకే ఇంజను లాగిన బండిలో రెండు లోకాలు ఉండేవని పిల్లలకు సెలూను ముందు చెబితే అర్థమైనంతగా క్లాసులో చెబితే అర్థం కాదు.

పట్టాల మీద నడిచేలా మార్చిన ఆస్టిన్ కారు కూడా ఉందక్కడ. దాని గురించి నేనేమీ చెప్పను. దాన్ని చూసిన పిల్లలు ఎలాగూ అక్కణ్ణుంచి రారు.

తాతను, అవ్వను వెంట తీసుకెళ్లండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఆ మ్యూజియంలో మనకన్నా మంచి గైడు వాళ్లే. అరవై డెబ్బై ఏళ్లు దాటిన మన సీమవాళ్లలో ధర్మవరం, గుంతకల్లు, పాకాల వైపు మీటర్ గేజ్ బండ్లలో తిరిగినవాళ్లు చాలామంది. కిటికీలోంచి తల బయటపెడితే కంట్లో బొగ్గునలుసు పడటం, పెళ్లిబట్టల మీద మసి, స్టేషన్లో ఇంజను నీళ్లు పట్టుకునేదాకా ఎదురుచూడటం వాళ్లకు తెలుసు. దళసరి అట్ట టికెట్టు కనిపిస్తే ఆపి అడగండి, “తాతా, ఇలాంటిది నువ్వు కొన్నావా?” అని. ఒంటి పట్టా మీద రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా టోకెను ఇచ్చి పంపే పద్ధతి ఉండేది. స్టేషన్ మాస్టరు చేతి నుంచి ఆ టోకెను అందితే తప్ప డ్రైవరు బండిని ముందుకు తీసుకెళ్లకూడదు. ఆగని బండి అయితే వెదురు వలయానికి తగిలించిన సంచిలో పెట్టి అందించేవాళ్లు. పరుగెత్తే ఇంజన్లోంచి ఫైర్‌మన్ చెయ్యి చాచి దాన్ని అందుకోవడం చూసిన పెద్దాయన, ఆ చెయ్యి ఎలా చాచేవాడో చేసి చూపిస్తాడు. ఆయన చెబుతున్నప్పుడు మధ్యలో తేదీలు సరిదిద్దకండి. మనవళ్లకు కావలసింది తేదీలు కావు.

పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి నడక తక్కువ పెట్టుకోండి, నీడ చూసి కూర్చోబెట్టండి. మిట్టమధ్యాహ్నం ఇనుము కాలిపోతుంది, చిన్నపిల్లలు ఎండలో ఉన్న చువ్వలు పట్టుకుంటే బొబ్బలెక్కుతాయి. టోపీ, నీళ్లసీసా, మార్చడానికి ఒక జత బట్టలు. గ్రీజు మరక ఖాయం, అందుకు తిట్టకండి. మంచి బట్టలు వేసి తీసుకురావడం మన నిర్ణయమే కదా.

ఎక్కనిచ్చే ఇంజను ఎక్కనివ్వండి, వద్దని రాసి ఉన్నది ఎక్కనివ్వకండి. “ఒక్క ఫొటోకే కదా” అని మనమే గొలుసు దాటించి పిల్లను బాయిలరు మీద కూర్చోబెడితే, రేపు ఏ బోర్డుకూ ఆ పిల్ల విలువివ్వదు. ఫొటోల సంగతి కూడా చెప్పాలి. వచ్చిన వెంటనే ఒకటి, వెళ్లేముందు ఒకటి తీసుకుని, మిగతా సమయం ఫోను సంచిలో వెయ్యండి. పిల్లవాడు చక్రం వంక చూస్తున్నప్పుడు “ఇటు చూడు నాన్నా” అని పిలవడమంత అన్యాయం లేదు.

కొందరు పిల్లలకు పెద్ద చప్పుళ్లంటే భయం. స్టేషన్లో హారను మోగితే చెవులు మూసుకుని ఏడుస్తారు. “రైలంటే ఇష్టమన్నావు, ఇప్పుడీ ఏడుపేంటి” అని నలుగురిలో అనకండి. ఇష్టం, భయం రెండూ కలిసే ఉంటాయి. ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడండి, చెవుల మీద వాళ్ల చేతులతోపాటు మీ చేతులూ ఉంచండి, బండి వస్తోందని ముందే చెప్పండి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి రైళ్లంటే ప్రాణం. వేళలు, నంబర్లు, చక్రాలు, ఒకే దారిన తిరిగి తిరిగి వచ్చే క్రమం వాళ్ల మనసుకు నెమ్మదినిస్తాయి. అలాంటి పిల్ల ఉన్న అమ్మానాన్నలు జనానికి జంకి ఇలాంటి చోట్లకు రావడం మానేస్తారు. మానకండి. జనం పలచగా ఉండే రోజు, తెరిచిన మొదటి గంటలో వెళ్లండి. ముందురోజే ఫొటోలు చూపించి ఏది తర్వాత ఏదో చెప్పండి. మీ పిల్ల ఒకే పెట్టె చుట్టూ పదిసార్లు తిరిగినా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. పక్కనున్న మిగతా అమ్మానాన్నలకు నా మనవి: అలాంటి పిల్ల కనిపిస్తే తేరిపార చూడకండి, మీ పిల్లల్ని పక్కన నిలబడి చూడనివ్వండి.

మ్యూజియం నుంచి బయటికి వచ్చేముందు ఒక మాట తప్పకుండా చెప్పాలి, ఇది బుజ్జగింపుగా కాక గట్టిగా చెప్పాల్సినది. ఇక్కడి పట్టాలు ఆగిపోయిన పట్టాలు, బయటివి కావు. మ్యూజియంలో పట్టాల మీద నడిచి, పెట్టెలెక్కి దిగిన ధైర్యం హీలలిగె దగ్గరో, ఆనేకల్ రోడ్డు దగ్గరో, హోసూరులోనో చూపించకూడదు. వేగంలో ఉన్న రైలుకు బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. డ్రైవరుకు మనం కనిపించినా ఆయన చేయగలిగింది తక్కువ. ఇప్పుడు మన లైన్లలో పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. తీగను తాకనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా ప్రాణం పోతుంది. ఆగి ఉన్న గూడ్సు వ్యాగను మీదికి సెల్ఫీ కోసం ఎక్కిన కుర్రాళ్లు చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలకు ఈ మాట అందరి ముందూ కాకుండా పక్కకు పిలిచి చెప్పండి. నాన్నే చెప్పాలి.

ఇంటికొచ్చాక “ఏం నేర్చుకున్నావు?” అని అడగకండి. వ్యాసం రాయించకండి. వీధిలోవాళ్ల ముందు నిలబెట్టి చెప్పించకండి. నాలుగు రోజులు ఊరుకుంటే ఏదో ఒక పూట అన్నం తింటూ వాడే మొదలుపెడతాడు. అగ్గిపెట్టెలతో పెట్టెలు చేస్తాడు, గోడ మీద పట్టాలు గీస్తాడు. గోడకు సున్నం మళ్లీ వేయించుకోవచ్చు.

మైసూరు దాకా వెళ్లే వీలు లేనివాళ్లు కూడా నిరాశపడనక్కర్లేదు. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో ఇంజన్ల కోసం ఒక హాలే ఉంది. పిస్టను చక్రాన్ని ఎలా తిప్పుతుందో అక్కడా చూపించవచ్చు. ఒక సాయంత్రం హోసూరు స్టేషనులో ప్లాట్‌ఫారం టికెట్లు కొని బెంచీ మీద కూర్చోండి. అక్కడ పిల్లలకు చెప్పడానికి మన ప్రాంతపు కథే ఒకటుంది. ఒకప్పుడు హోసూరుకు నారో గేజ్ రైలు ఉండేది. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో, అక్కణ్ణుంచి హోసూరుకు 1913లో ఆ చిన్న బండి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆ లైను మూతపడింది, పట్టాలు పీకేశారు. ఇవాళ సేలం వైపు పోయే పెద్దబండ్లు చాలా తర్వాత వేసిన దారివి. మన ఇంటికి ఇంత దగ్గర్లో ఒక రైలు పుట్టి, నడిచి, మాయమైందని తెలిస్తే పిల్లలు ఆ ఊరిని వేరే కళ్లతో చూస్తారు. దాని ఆనవాళ్లు తెలిసిన పెద్దలెవరైనా ఉన్నారేమో హోసూరు, రాయకోట వైపు మీ బంధువుల్లో అడిగి చూడండి.

సెలవుల్లో సొంతూళ్లకు వెళ్లినప్పుడు కూడా ఇదే పని చేయవచ్చు. చెన్నైలో చుట్టాలుంటే పెరంబూరు పెట్టెల ఫ్యాక్టరీ వారి రైలు మ్యూజియం ఉంది. వందేభారత్ మొదట తయారైంది ఆ ఫ్యాక్టరీలోనే కాబట్టి పిల్లలు ఇష్టంగా వస్తారు. హైదరాబాదు వెళ్తే నిజాం కాలం నాటి కాచిగూడ స్టేషను కట్టడాన్ని బయట నిలబడి ఒకసారి తీరిగ్గా చూడండి. రాజమండ్రి వైపు పెళ్లికి వెళ్తే గోదావరి ఒడ్డున పాత హేవలాక్ వంతెన చూపించండి. 1900లో తెరిచి, 1997 దాకా బండ్లు మోసింది. పక్కనే 1974 నాటి రోడ్డు రైలు వంతెన, విల్లులా వంగిన మూడో వంతెన కూడా కనిపిస్తాయి. ఒకే చోట నిలబడి నూరేళ్ల వంతెనల పనితనం చూడవచ్చు.

వానలు తగ్గాక, ఎండలు ముదరకముందు మైసూరు వెళ్లడానికి మంచి కాలం. దసరా రోజుల్లో మాత్రం వద్దు, ఊరంతా జనమే, పిల్లల్ని సముదాయించలేరు. వారంలో ఏ రోజు సెలవో, వేళలేమిటో బయలుదేరేముందే కనుక్కోండి. తిరుగు టికెట్లు ముందే తీసుకోండి. రెండు టికెట్లు ఎక్కువైనా సరే, ఊళ్లో ఉన్న తాతకూ అవ్వకూ ఇవాళే ఫోను చేసి రమ్మనండి.